ఇయ్యాల్టికి గాదు

ఈ మధ్యాహ్నం పాప నిద్రపోతోంది కదా అని, ఆరేసిన బట్టలు తెచ్చుకుందామని మేడ మీదికి వెళ్లాను. జడ్చర్లలో మేం కిరాయికుంటున్న ఇంటికి మేడమెట్లు బయటి నుంచే ఉంటాయి. గాలికి ఒక చున్నీ ఎగిరి పక్కింటి డాబా మీద పడితే, ఆ ఇంటావిడను పిలిచి అందుకోవడం, ఆమె తన కోడలి సంగతి ఎత్తుకోవడం, మధ్యలో తెంపుకుని రావడం బాగుండదని నేను నిలబడిపోవడం, వీటన్నిటితో కొంచెం ఆలస్యమైంది. దిగి వచ్చేసరికి పాప గడపలో కూర్చుని ఉంది. ఏడుపు అయిపోయి వెక్కిళ్లు మిగిలాయి. కాళ్లకు చెప్పులున్నాయి, కుడిది ఎడమకు, ఎడమది కుడికి. "యాడికి బయల్దేరినవు తల్లీ" అని అడిగితే, "నిన్ను ఎతుకుతందుకు" అంది. "లేసి చూస్తె ఎవ్వలు లేరు. నన్ను ఇడిసిపెట్టి పోయిన్రనుకున్న."

నాలుగేళ్ల పిల్ల. నిద్ర లేచి తల్లి కనబడని ఏ పిల్లయినా అనే మాటే అది. కానీ ఆ మాట విన్నాక బట్టల మూటతో సహా అక్కడే, దాని పక్కనే కూలబడ్డాను. సాయంత్రం వరకూ దాన్ని చంక దించలేదు. మా ఆయనది మందుల కంపెనీలో ఉద్యోగం, ఈ వారం రాత్రి షిఫ్టు. పాప నా కొంగు పిడికిట్లో పట్టుకుని పడుకుంది. విడిపిస్తే లేస్తుందని కొంగు దానికే వదిలేసి, ఒక పక్కకు ఒరిగి రాస్తున్నాను.

నా భయాల మీద మా ఆయన పరాచికాలు ఆడుతుంటాడు. పాప నీళ్ల సీసా మీద, టిఫిన్ డబ్బా మీద, గౌను మెడ లోపల, చివరికి చెప్పుల అడుగున కూడా దాని పేరు రాసి పెడతాను. "పిల్లను ఎత్కపోయెటోడు చెప్పులు ఇడిసిపెట్టే పోతడు గదనే" అంటాడు. ఆయన తెలియక అంటాడు గానీ, చెప్పులు ఇక్కడే ఉండిపోయి మనుషులు మాత్రం వెళ్లిపోవడం అనేది నేను పుట్టిన ఇంట్లో పరాచికం కాదు. మేం దానికోసమే బతికాం. ముఖ్యంగా మా అవ్వ.

అవ్వ అంటే మా బాపు తల్లి. మా ఊరు మేళ్లచెరువు వైపు, సున్నపురాయి నేల. ఎటు చూసినా సిమెంటు ఫ్యాక్టరీల గొట్టాలు, తెల్లటి దుమ్ము పట్టిన తుమ్మచెట్లు. భూమి లేని వాళ్లం. మా వాడలో సగం మంది పెద్ద గుడికి, అంటే కథోలిక చర్చికి పోయేవాళ్లు, సగం మంది మా ప్రార్థన మందిరానికి వచ్చేవాళ్లు. పెద్ద గుడి వాళ్లకు పండుగలు, కొవ్వొత్తులు, సమాధుల మీద పూలు ఉండేవి. మాకు అవేవీ లేవు. మాకు ఒక్కటే ఉండేది, రాకడ. ప్రభువు మళ్లీ వస్తాడు, కడబూర మోగుతుంది, చనిపోయినవాళ్లు ముందు లేస్తారు, తర్వాత బతికి ఉన్నవాళ్లలో సిద్ధంగా ఉన్నవాళ్లు ఎత్తబడతారు, మిగిలినవాళ్లు విడవబడతారు. మా అయ్యగారు, అంటే మా పాస్టరు, ప్రతి ఆదివారం ఇదే చెప్పేవాడు. అందరూ విని ఇంటికి వెళ్లి అన్నం తిని పడుకునేవాళ్లు. అవ్వ మాత్రం నమ్మింది.

ఎంత నమ్మిందంటే, ఏడాదికి సరిపడా పచ్చడి పెట్టేది కాదు. ఎండాకాలం వాడంతా మామిడికాయలు కోస్తూ, జాడీలు కడుగుతూ ఉంటే, మా ఇంట్లో ఒక చిన్న సీసాడు పచ్చడి పడేది. నెల తిరగక ముందే అయిపోయేది. తర్వాత అమ్మ గిన్నె పట్టుకుని ఇరుగింటికి, పొరుగింటికి వెళ్లాలి. "ఏడాది పచ్చడి పెట్టుకునెటోళ్లకు రాకడ మీద నమ్మకం లేనట్టే" అనేది అవ్వ. "మరి మిరపకాయలు బస్తా ఎందుకు ఎండబెట్టినవు?" అని బాపు అడిగితే, "ఆయనొచ్చే దాంక కారం లేకుంట తింటమా?" అనేది. ఇంటి పైకప్పు రేకులు మార్చనిచ్చేది కాదు, ఈ వానాకాలం గడిస్తే చాలనేది. రాత్రి ఎంత అలసినా ఎంగిలి బోళ్లు తోమకుండా పడుకునేది కాదు. "మనం ఎత్తబడినంక ఇల్లు జూడనీకి వచ్చినోళ్లు ఏమనుకుంటరు? గింత పాసి బోళ్లు పెట్టుకోని పరలోకం పోయిందా ముసల్ది అనరా?" అనేది. ఈ లోకం మీద ఆశ లేని మనిషికి ఈ లోకంలో పరువు మీద అంత పట్టింపు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

క్వారీలో రోజూ మధ్యాహ్నం రాయి పేల్చేవాళ్లు. ముందు ఒక సైరన్ మోగుతుంది, అందరూ దూరం జరగాలని. తర్వాత నేల అదురుతుంది, ఇంట్లో గిన్నెలు ఒకదానికొకటి తగిలి గలగలమంటాయి. ఆ తర్వాత ఇంకో సైరన్, ఇక భయం లేదని. మొదటి సైరన్‌కి అవ్వ చేతిలో పని ఆపేసేది. చేట అయితే చేట, చీపురైతే చీపురు కింద పెట్టి, కొంగు తల మీదికి లాక్కుని, వాకిట్లో తూర్పు ముఖంగా నిలబడేది. అది క్వారీ సైరనని ఆమెకు బాగా తెలుసు. అక్కడ టిప్పర్ నడిపేది ఆమె కొడుకే. "మరెందుకవ్వా నిలబడతవు?" అని అడిగితే, "బూర మోగినప్పుడు ఉరుకులాడకుంట అలవాటు చేస్కుంటున్న బిడ్డా" అనేది. రెండో సైరన్ మోగేది. అవ్వ కొంగు దించి, "ఇయ్యాల్టికి గాదు" అని, చేట ఎత్తుకునేది. ఆ మాటలో దిగులు ఉండేది కాదు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు, ఇది మన బస్సు కాదులే అని పక్కకు జరిగినట్టు ఉండేది.

నేను బడికి పోయే రోజుల్లో ఒకసారి జ్వరంతో ఇంట్లో పడుకున్నాను. మధ్యాహ్నం మెలకువ వచ్చేసరికి ఎవరూ లేరు. పొయ్యి మీద గంజి ఉడుకుతోంది. గడప దగ్గర అవ్వ చెప్పులు విడిచినవి విడిచినట్టే ఉన్నాయి, అమ్మవి పక్కనే ఉన్నాయి. మనుషులు లేరు. వాడలోకి పరుగెత్తాను, వాడ కూడా ఖాళీ. అయిపోయింది, రాకడ వచ్చేసింది, నేను విడవబడ్డాను అనుకున్నాను. మొన్న పలక పగలగొట్టి అబద్ధం చెప్పింది నేనే కదా. చివరికి ఒక ఉపాయం తట్టి అయ్యగారి ఇంటికి పరుగెత్తాను. ఆయన మంచం మీద బనీనుతో గురక పెడుతున్నాడు. అది చూసి నాకు కలిగిన సంతోషం మళ్లీ నా పెళ్లిలో కూడా కలగలేదు. అందరూ నీళ్ల ట్యాంకరు వచ్చిందని బిందెలతో ఉత్తకాళ్లతో పరుగెత్తారట. సాయంత్రం ఈ సంగతి చెబితే బాపు కడుపు పట్టుకుని నవ్వాడు. అవ్వ నవ్వలేదు. నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, "అయ్యగారు ఉన్నడని ధీమాగ ఉండకు బిడ్డా. ఆయన గూడ ఇడవబడతడో ఏమో, ఎవలు జూసిన్రు" అంది.

ఆ సాయంత్రమే అవ్వ బాపు చిన్నప్పటి సంగతి చెప్పింది. తాత చిన్న వయసులోనే పోయాడు. అవ్వ నాట్లకు పోతూ పిల్లవాణ్ని వాడలో ముసలివాళ్ల దగ్గర వదిలి వెళ్లేదట. వాడు నిద్ర లేచి అమ్మ లేదని ఏడుస్తూ పొలాల దాకా వచ్చేవాడట. మడిలో ఆడవాళ్లంతా నడుములు వంచి, ముఖాలు కిందికి పెట్టి, వరసగా నాటేస్తూ ఉంటారు. అందరి చీరలకూ ఒకటే బురద. "అంత మందిల నా నడుము గుర్తుపట్టి, ఎనక నుంచి వచ్చి చుట్టుకునెటోడు. ఒక్కనాడు గూడ తప్పు మనిషిని పట్టుకోలే" అంది అవ్వ. బాపు సిగ్గుపడి బయటికి వెళ్లిపోయాడు.

తెలంగాణ వచ్చిన ఏడు, ఊళ్లో పటాకులు కాల్చిన చప్పుడు బాపు మంచంలో నుంచే విన్నాడు. కామెర్లు. ముందు ఆకు పసరు, తర్వాత కోదాడ దవాఖాన, అప్పటికే ఆలస్యమైందన్నారు. వానలు మొదలైన రోజుల్లో పోయాడు. నేను అప్పుడు ఇంటర్మీడియట్‌లో ఉన్నాను.

మా బొందలగడ్డ ఊరికి అవతల, క్వారీ వైపు ఉండేది. శవాన్ని తల పడమరకు, కాళ్లు తూర్పుకు పెట్టి పడుకోబెడతారు. బూర మోగి లేచి నిలబడితే ముఖం సరిగ్గా తూర్పుకు, ప్రభువు వచ్చే వైపుకు ఉండాలని. బాపు తల దగ్గర ఒక తంగేడు పొద ఉంది. అవ్వ ఏడవలేదు. గుంత పూడ్చేవాళ్లతో, "వాని కుడి పక్క జాగా నాకుంచుండ్రి. లేసినప్పుడు పక్క పక్కన లేస్తం" అని మాత్రం చెప్పింది. మూడో రోజు అమ్మ నోరు తెరిచి ఒక్క మాట అడిగింది. ఒక రాయి పెడదాం అత్తా, పేరు చెక్కించి, అని. బతుకంతా రాయి మోసిన మనిషికి ఒక్క రాయి.

"రాయెందుకు?" అంది అవ్వ. "వచ్చెటాయన పేర్లు సదువుకుంట లేపుతడా?"

"మనం గుర్తు పట్టనీకి అత్తా."

"రాయి పెడితిమంటె ఇంకెన్నేండ్లకో వస్తడని మనమే ఒప్పుకున్నట్టు గాదా? పెద్ద గుడి వాళ్లు పెట్టుకుంటరు, వాళ్లకు తొందర లేదు."

అమ్మ మళ్లీ అడగలేదు. మా మందిరం వాళ్లెవరూ రాళ్లు పెట్టేవాళ్లు కాదు, సమాధుల దగ్గరికి పండుగలకు పోయేవాళ్లు కాదు. చనిపోయినవాళ్లకు మొక్కినట్టవుతుందని అయ్యగారు వద్దనేవాడు. మట్టి దిబ్బ ఒకటి రెండు వానలకు కుంగిపోతుంది, మూడో వానకు నేలలో కలిసిపోతుంది. ఎలాగూ రేపో మాపో అందరూ లేచి వెళ్లిపోయే చోటు, దానికి గుర్తులెందుకు?

మూడేళ్లు గడిచాయి. రాకడ రాలేదు, క్వారీ వచ్చింది. బొందలగడ్డ కింద మంచి రాయి ఉందట. నేను డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగా, ఆ నేల ఫ్యాక్టరీ కిందికి పోతుందని, దాని బదులు రోడ్డు పక్కన వేరే జాగా ఇస్తారని, దసరా పండుగ లోపల ఎవరి వాళ్లను వాళ్లు తీసుకుపోవాలని వాడలో చెప్పారు. తీసుకుపోని వాళ్ల సంగతి మిషన్లు చూసుకుంటాయి. ఆ మాట చెప్పిన మనిషి చెడ్డవాడేమీ కాదు, చెప్పేటప్పుడు తల దించుకునే చెప్పాడు.

పెద్ద గుడి వాళ్లు తమ రాళ్ల దగ్గర తాము తవ్వుకున్నారు. పాట పాడుకుంటూ, చిన్న చిన్న పెట్టెల్లో తమవాళ్లను మోసుకుపోయారు. మా వంతు వచ్చింది. నేనూ, అమ్మా, అవ్వా వెళ్లాం. అమ్మ చేతిలో మడత విప్పని కొత్త తెల్లగుడ్డ ఉంది. తవ్వడానికి వాడలో ఇద్దరు గడ్డపారలతో వచ్చారు. అవ్వ ముందు నడుస్తూ, "తంగేడు పొద దగ్గర" అంది. అని ఆగిపోయింది. ఎటు చూసినా తంగేడే. తెలంగాణ వచ్చాక రాష్ట్ర పువ్వయి దానికి గౌరవం పెరిగిందంటారు. మా బొందలగడ్డలో ఆ గౌరవం మరీ ఎక్కువై, మూల మూలనా మొలిచి పసుపుపచ్చగా పూసి ఉంది. అవ్వ ఒక పొద నుంచి ఇంకో పొదకు నడిచింది. తూర్పుకు తిరిగి నిలబడి చూసింది. మళ్లీ నడిచింది. కొడుకును పడుకోబెట్టిన చోటు కాళ్లకు తెలుస్తుందన్నట్టు చెప్పులు విడిచి నడిచింది.

ఒక చోట తవ్వమంది. మట్టి గాజుల ముక్కలు బయటపడ్డాయి. ఎవరో ఆడమనిషి. అందరూ ఒక్క క్షణం ఆగి, మెల్లగా మట్టి కప్పేశారు. ఇంకో చోట తవ్వమంది. అక్కడ ఎముకలున్నాయి. మగమనిషివే అన్నారు తవ్వేవాళ్లు. అవ్వ గుంత అంచున కూర్చుని వంగి చూస్తూ ఉండిపోయింది. అంతలో మా వాడలోనే ఉండే ఒక పెద్దాయన, అవ్వకు వరసకు మరిది, గబగబా వచ్చాడు. బాపు పోయిన వానాకాలమే ఆయన ఎదిగిన కొడుకు కూడా పాము కరిచి పోయాడు. వాడూ మా మందిరం పిల్లవాడే, వాడికీ రాయి లేదు. పొద్దుటి నుంచి ఆయన తవ్వించిన గుంతల్లో ఏమీ దొరకలేదు.

"వదినె, ఇది నా పిల్లగాడు" అన్నాడు. "నాకు యాదికుంది. ఈడనే మన్నేసిన."

అవ్వ తల ఎత్తలేదు. "నేను గూడ ఈడనే అనుకుంటున్న మరిదీ."

"అనుకునుడు గాదు. నీ కొడుకే అని ప్రభువు ఎదుట చెప్పు. నేను ఎనుకకు పోత."

నేను అవ్వ చెవి దగ్గర, "అవునను అవ్వా" అన్నాను. "ఆయనకు మాత్రం ఏం తెలుసు?" అన్నాను. ఆ సంగతి అవ్వకూ తెలుసు. కొడుకు దొరకని తండ్రి అబద్ధం ఎలా ఉంటుందో ఆమెకు తెలియనిదేం కాదు. అవ్వ నా వైపు తిరిగింది. "తెల్వంది తెలుసని ఎట్ల అంట బిడ్డా" అంది నాతో. తర్వాత ఆయనతో, "తీస్కపో మరిదీ. ఎవలకో ఒకలకు దొరకనీ" అంది.

ఆయన తన పై తువ్వాల పరిచాడు. ఆ రోజు, మర్నాడు ఇంకా తవ్వించాం. తవ్వడానికి వచ్చినవాళ్లకు మా ముఖం చూడటానికి మొహమాటం మొదలయ్యేదాకా తవ్వించాం. ఏమీ దొరకలేదు. నేను డిగ్రీలో చదివిన సైన్సు గుర్తొచ్చి, ఎముకలను పరీక్ష చేయిస్తే ఎవరివో తెలుస్తుందట కదా అని ఫ్యాక్టరీ తరఫున వచ్చిన సూపర్‌వైజరును అడిగాను. ఆయన నా వైపు జాలిగా చూసి, "అయితదమ్మా, పెద్ద పెద్దోళ్లకు" అన్నాడు. పండుగ వెళ్లిన మర్నాడు మిషన్లు వచ్చాయి.

ఆ వారం అయ్యగారు మా ఇంటికి వచ్చి ప్రార్థన చేశాడు. నీళ్లలో మునిగిపోయినవాళ్లను, నిప్పులో కాలిపోయినవాళ్లను కూడా లేపగలిగినవాడికి ఇదొక లెక్కా అన్నాడు. నిజంగా ఓదార్చాలనే అన్నాడు. అవ్వ వింటూ వింటూ అంది:

"లేపుతడయ్యగారూ. లేపడని నేనన్ననా? లేసినంక వాడు నన్ను ఎతుక్కుంటడు. పక్కన నేనుండ. యాడని ఎతుకుతడు?"

అయ్యగారు వాక్యంలో ఏదో వెతుకుతున్నట్టు కళ్లు మూసుకున్నాడు. అవ్వ తనలో తాను అనుకున్నట్టు, "అంత మందిల నా నడుము గుర్తుపట్టెటోడు. నేను వాని బొక్కలు గుర్తుపట్టకపోతి" అంది. అమ్మ ఛాయ్ తెచ్చి ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు రాయి పెట్టి ఉంటే అని అమ్మ ఎప్పుడో ఒకప్పుడు అంటుందని నేను చాన్నాళ్లు భయపడ్డాను. ఎదురుచూశాను కూడా. అమ్మ ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే అవ్వకు కొంత తేలికయ్యేదేమో.

సిమెంటుకు రాయి కావాలి, పైమట్టి అక్కర్లేదు. ఆ మట్టినంతా గీకి ఒక పక్కన గుట్టగా పోస్తారు. మా వాకిట్లో నిలబడితే ఆ గుట్ట కనిపించేది. అది తూర్పు వైపే పెరిగింది. మొదటి వానకే దాని మీద తంగేడు మొలకలు లేచాయి.

ఒక మధ్యాహ్నం సైరన్ మోగింది. అవ్వ వాకిట్లో మిరపకాయల తొడిమెలు తీస్తోంది. నేను చదువుకుంటూ, ఆమె లేచి నిలబడుతుందని చూశాను. లేవలేదు. వినపడలేదేమోనని, "అవ్వా, సైరన్" అన్నాను. "ఇన్న" అంది. చేతులు ఆగలేదు. నేల అదిరింది, గిన్నెలు గలగలమన్నాయి, రెండో సైరన్ మోగింది. అవ్వ ఏమీ అనలేదు. నేను ఆ మాట కోసం చాలాసేపు చూశాను. బతుకంతా రోజూ విన్న మాట ఒకరోజు వినబడకపోతే, గడియారం ఆగిన ఇంట్లో కూర్చున్నట్టు ఉంది.

ఆ ఎండాకాలం అవ్వ అమ్మను పిలిచి, "కాయలు ఎక్కువ తెప్పియ్యి" అంది.

"ఎంతెక్కువ అత్తా?"

"ఏడాదికి."

అమ్మ నా ముఖం చూసింది. నేను అమ్మ ముఖం చూశాను. మా ఇంట్లో జాడీ లేదు, పొరుగింటి నుంచి అడిగి తెచ్చాం. అన్నేళ్లు ఏడాది పచ్చడి పెట్టని మనిషికి కొలతలన్నీ తెలుసు. ఉప్పు ఎంత, కారం ఎంత, నూనె ఎంత తేలాలి, గుడ్డ ఎలా కట్టాలి. ఎప్పుడు నేర్చుకుందో. ముక్కల మీది తడిని పొడిగుడ్డతో తుడుస్తూ ఒక్కో ముక్కా ఆమె జాడీలో వేస్తుంటే, నేను పక్కన కూర్చుని కళ్లు తుడుచుకున్నాను. ఆవపిండి ఘాటుకు అనుకుంది. "దూరం జరుగు బిడ్డా" అంది. ఆమె ప్రార్థన మానలేదు, మందిరం మానలేదు. అయ్యగారు రాకడ గురించి చెబుతుంటే అందరిలాగే విని, ఇంటికి వచ్చి, అన్నం తిని పడుకునేది. మా వాడలో అందరిలాంటి మనిషి అయింది. రాత్రి బోళ్లు తోమకుండానే కొన్నిసార్లు పడుకునేది.

జాడీ సగం కూడా కాకముందే అవ్వ పోయింది. చలికాలం తెల్లవారుజామున, ఎవరినీ లేపకుండా. బొందలగడ్డ తవ్వించిన రోజు బాపు కోసం తెచ్చిన తెల్లగుడ్డ మడత విప్పకుండా అలాగే పెట్టెలో ఉంది. అమ్మ దాన్ని తీసి అవ్వకు కప్పింది. రోడ్డు పక్క కొత్త బొందలగడ్డలో జాగా చాలా ఉంది, ఎక్కడైనా తవ్వొచ్చు. తవ్వేవాళ్లు ఎక్కడ అని అడిగితే, అమ్మ మెల్లగా నడుచుకుంటూ వెళ్లి ఒక చోట నిలబడింది. పక్కనే ఒక సమాధి ఉంది, దాని మీద నల్లరాయి, రాయి మీద పాము కరిచి పోయిన పిల్లవాడి పేరు ఉంది. మరిది వరస పెద్దాయన అక్కడే ఉన్నాడు. ఆయన అమ్మ వైపు చూశాడు. అమ్మ ఆయన వైపు చూడలేదు. "ఈడ" అంది, "కుడి పక్కకు." ఆ పెద్దాయనే ముందుగా గడ్డపార అందుకున్నాడు.

ఈసారి అమ్మ రాయి పెట్టించింది. అవ్వ పేరు చెక్కించింది. అవ్వ పక్కన ఉన్నది ఎవరో నాకు తెలియదు. బాపు పరాయి పేరు కింద పడుకుని ఉన్నాడో, తల ఎటో కాళ్లు ఎటో అయి ఆ గుట్టలో ఉన్నాడో తెలియదు. మిగిలిన పచ్చడి మేం ఆ ఏడంతా తిన్నాం. బాగుంది. అది నాకు అన్నిటికంటే కష్టమనిపించింది.

నేను ఆదివారం ఆదివారం పాపను తీసుకుని మందిరానికి వెళ్తాను. ఇక్కడి అయ్యగారు కూడా రాకడ గురించి చెబుతాడు, పక్కన తెర మీద బొమ్మలు చూపిస్తూ. ఆ మాటలు వచ్చినప్పుడు పాపను నీళ్ల వంకతో బయటికి తీసుకొస్తాను. వస్తాడని చెప్పడానికి నాకు ధైర్యం చాలదు, రాడని చెప్పడానికీ చాలదు. పేర్లు మాత్రం రాసి పెడతాను. చెప్పుల అడుగున, గౌను మెడలో, ఎక్కడ చెయ్యి ఆనితే అక్కడ. రాత్రి దాని ఊపిరి వినబడకపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను.

ఇందాక పడుకునే ముందు, "నేను లేసెతలికి ఉంటవా?" అని అడిగింది. "ఉంట" అన్నాను. అవ్వ కూడా నాట్లకు పోయే ముందు బాపుకు ఇదే చెప్పి ఉంటుంది. బాపు పోయే ముందు మాకు ఏమీ చెప్పలేదు, చెప్పే స్థితిలో లేడు. మొన్న అమ్మ ఫోన్ చేసి, క్వారీ ఇంకాస్త పెరుగుతుందట, రోడ్డు పక్క జాగాను కూడా కొలిచి పోయారట అని చెప్పింది. ఈసారి మనకు రాయుంది కదా అంది. ఆ గొంతులో ధైర్యం ఉందో, అలసట ఉందో తెలియలేదు. నేను సరే అన్నాను.

జడ్చర్లలో క్వారీ లేదు, సైరన్ లేదు. హైవే మీద లారీల చప్పుడు తప్ప ఏమీ వినబడదు. అయినా మధ్యాహ్నం అయ్యేసరికి చేతిలో పని దానంతటదే ఒక క్షణం ఆగుతుంది. కాసేపు చూసి మళ్లీ పనిలో పడతాను. రోజులు అప్పటిలాగే ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. అవ్వ ఉన్నప్పుడు ప్రతి రోజూ ‘ఆ రోజు’ కాకుండా పోయిన రోజే. ఇప్పుడు అవి ఏ రోజూ కావు, ఉత్తగా వచ్చి పోతున్నాయి.